న్యాయవైద్యం పాత పుస్తకాలు: సిక్కోలు చెమ్మలో సేకరణ ఎలా మొదలెట్టాలి

మీరు అడిగింది ఇదీ. టెక్కలిలో తాతగారి ప్లీడరు గది సర్దుతుంటే మద్రాసులో 1906లో అచ్చయిన హన్స్ గ్రాస్ 'క్రిమినల్ ఇన్వెస్టిగేషన్', దాంతోపాటు డాక్టర్ మోడీ రాసిన న్యాయవైద్య పాఠ్యపుస్తకం పాత ఎడిషన్ ఒకటి దొరికాయి. వీటి చుట్టూ న్యాయవైద్యం, అంటే ఫోరెన్సిక్ మెడిసిన్, తొలినాటి పుస్తకాలు పోగుచేద్దామని ఉంది. 17వ శతాబ్దపు రోము వైద్యుడు జక్కియా రాసిన లాటిన్ న్యాయవైద్య గ్రంథం ఒక విదేశీ సైటులో కనబడింది. దాంతో మొదలెట్టవచ్చా, మన చెమ్మలో ఇవి నిలుస్తాయా అన్నారు.

జక్కియాతో మొదలెట్టకండి. మీ సేకరణ ఇప్పటికే మొదలైపోయింది, అదీ మంచిచోట మొదలైంది. గ్రాస్ ఆస్ట్రియాలో నేరవిచారణ మేజిస్ట్రేటు. ఆయన జర్మన్ పుస్తకం 1893లో వచ్చింది. దాన్ని మొదట ఇంగ్లీషులోకి తెచ్చింది లండను కాదు, మద్రాసు. జాన్ ఆడమ్, జె. కోలియర్ ఆడమ్ అనే ఇద్దరు మద్రాసు న్యాయవాదులు దాన్ని ఇక్కడి కోర్టులకూ పోలీసులకూ తగ్గట్టు మార్చి రాశారు. అంటే గ్రాస్‌ని ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లకి మొదటి దారి మద్రాసు అచ్చే. అది టెక్కలి ప్లీడరు గారి బల్ల మీద ఉండటం వింత కాదు, ఆ పుస్తకం రాసిందే ఆయనలాంటివాళ్ల కోసం. లండను దుకాణంలో దొరికే శుభ్రమైన కాపీ కంటే, ఇక్కడి ప్లీడరు పెన్సిలు గీతలున్న మీ కాపీయే చరిత్రకి ఎక్కువ పనికొస్తుంది. గీతలు తుడవకండి.

యూరప్ వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో చాలావాటికి మన జేబు అందదు. పలెర్మోలో 1602లో ఫిడెలిస్, రోములో 1621 నుంచి భాగాలు భాగాలుగా జక్కియా, ఈ రెండూ పునాదులు. జక్కియా ఆ శతాబ్దం చివరిదాకా లియోన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఊళ్లలో మళ్లీ మళ్లీ అచ్చయింది కాబట్టి 'పాత జక్కియా' అన్నంత మాత్రాన అరుదైనది కాదు. పైగా చాలా కాపీలకి గట్టి తెల్ల తోలు, అంటే వెల్లం అట్ట ఉంటుంది. మన గాలిలో అది అప్పడంలా వంకర్లు పోతుంది. ఇంగ్లీషులో మొదటిది శామ్యూల్ ఫార్ 1788లో తెచ్చిన చిన్న పుస్తకం. 1823లో రెండు పెద్ద గ్రంథాలు ఒకేసారి వచ్చాయి: అమెరికాలో ఆల్బనీ నుంచి బెక్ రెండు సంపుటాలు, లండను నుంచి జె.ఎ. పారిస్, ఫాన్‌బ్లాంక్ అనే ఇద్దరు రాసిన మూడు సంపుటాలు. చైనాలో సోంగ్ సీ 1247లో రాసినది ఇంకా పాతది, కానీ దాని మూలప్రతి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. జైల్స్ ఇంగ్లీషు అనువాదం 1924లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో పడింది, ఆ సంపుటం వెతికితే చాలు.

విషాల పుస్తకాల్లో ఒక సరదా ఉంది. ఓర్ఫిలా పారిస్‌లో 1814లో మొదలెట్టాడు, ఎడిన్‌బరోలో క్రిస్టిసన్ 1829లో తెచ్చాడు. పాషాణాన్ని, అంటే ఆర్సెనిక్ విషాన్ని, పట్టే మార్ష్ పరీక్ష వచ్చింది 1836లో, అది ఫ్రాన్సులో భర్తకి విషం పెట్టిందన్న లాఫార్జ్ కేసులో ప్రపంచమంతా తెలిసింది 1840లో. అందుకని క్రిస్టిసన్ 1829 ఎడిషన్, 1845 నాటి నాలుగో ఎడిషన్ పక్కపక్కన పెట్టి పాషాణం అధ్యాయం ఒక్కటీ చదివితే, ఒక శాస్త్రం పదహారేళ్లలో ఎలా తిరగబడిందో కళ్లకి కడుతుంది. ఒకే పుస్తకం రెండు ఎడిషన్లు కొనడం తెలివితక్కువ అనుకునేవాళ్లు సేకర్తలు కాదు, చదువరులు మాత్రమే.

డబ్బు పెట్టాల్సింది మాత్రం మన దేశపు వరస మీద. మద్రాసులో 1693లో ఎడ్వర్డ్ బల్క్‌లీ అనే డాక్టరు చేసిన శవపరీక్షని మన దేశంలో నమోదైన తొలి న్యాయవైద్య శవపరీక్షగా చెబుతారు. పుస్తకాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. అన్నిటికంటే ముందు కొనాల్సింది నార్మన్ చెవర్స్. కలకత్తా మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసినవాడు. 1856లో వచ్చిన పుస్తకం పేరులో 'బెంగాల్, వాయవ్య పరగణాలు' అని ఉంటుంది. 1870 నాటి మూడో ఎడిషన్ పేరులో 'ఇండియా' అని మారింది. అమ్మేవాళ్లు 1870 దాన్ని మొదటి ఎడిషన్ అని చెప్పడం మామూలే. టైటిల్ పేజీలో ఏ పేరుందో చూస్తే మాట తేలిపోతుంది. ఉమ్మెత్త గింజలు పెట్టి బాటసారుల్ని దోచుకున్న కేసులు, నిజామత్ అదాలత్ (కంపెనీ కాలపు పెద్ద క్రిమినల్ కోర్టు) తీర్పుల్లోంచి ఏరినవి, అందులో బోలెడు. మన జనం గుణగణాల గురించి దొర రాసినవి కూడా ఉంటాయి, అవి చదివేటప్పుడు ఒళ్లు మండుతుంది. అయినా ఉంచాల్సిన పుస్తకమే.

తర్వాత లయన్ 1889. బొంబాయిలో ప్రభుత్వ కెమికల్ ఎనలైజరు. తర్వాతి ఎడిషన్లు దిద్దింది వాడెల్, టిబెట్ గురించి రాసిన ఆ వాడెలే. తర్వాత గ్రిబుల్, పాట్రిక్ హెహిర్ కలిసి తెచ్చిన మద్రాసు పుస్తకం. ఈ గ్రిబుల్ 1875లో కడప జిల్లా మాన్యువల్ రాసిన మద్రాసు సివిల్ సర్వీసు మనిషి. మన కోస్తా కోర్టుల్లో తిరిగిన పుస్తకాల వరసలో దీన్ని వదలకూడదు. ఇంగ్లండు నుంచి టేలర్: 'మాన్యువల్' 1844, పెద్ద గ్రంథం 1865. టేలర్ విస్తారంగా దొరుకుతుంది, కాబట్టి తొందరపడి చెడిపోయిన కాపీ కొనకండి. ఫిలడెల్ఫియాలో అచ్చయిన టేలర్ చవకగా వస్తుంది, తప్పులేదు, కానీ వాటికి గొర్రె తోలు అట్టలు ఎక్కువ, ముట్టుకుంటే చేతికి ఎర్రపొడి అంటుతుంది. దాని సంగతి కింద చెబుతాను. వేలిముద్రల వైపు వెళ్తే గాల్టన్ 1892, హెన్రీ 1900. హెన్రీ పద్ధతి వెనక కలకత్తాలో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు. ఆ గొలుసు కోసం గాల్టన్, హెన్రీ రెండూ కలిసి ఉండాలి. మోడీ మొదటి ఎడిషన్ 1920. మీ దగ్గరున్నది ఎన్నోదో చూడండి. మోడీ పాత ఎడిషన్లని లాయర్లు కొత్తది రాగానే పక్కన పడేస్తారు కాబట్టి, నడుమ ఎడిషన్లకి పెద్ద ధర ఉండదు, మొదటిది దొరకడం మాత్రం కష్టం.

ఇక కొనేముందు చూడాల్సినవి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పుస్తకం పూర్తిగా ఉందా లేదా అన్నది చివరి పేజీ చూస్తే తెలియదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి ఫారం (ఒకే పెద్ద కాగితం అచ్చేసి మడిచిన పేజీల కట్ట) మొదటి పేజీ అడుగున ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిచే మామూలు ఆక్టేవో సైజైతే ఫారానికి 16 పేజీలు. ముందుమాటలకి 'ఏ' (A) అక్షరం పోతుంది కనుక అసలు పాఠం 'బి' (B) అక్షరంతో 1వ పేజీలో మొదలవుతుంది, సి 17లో, డి 33లో, ఇ 49లో. జె, వి, డబ్ల్యూ అక్షరాలు వాడరు, కాబట్టి ఐ తర్వాత కె వస్తే పుస్తకం చిరిగిందని కంగారు పడకండి. ఐ 113, కె 129. జెడ్‌తో 352 పేజీలు అవుతాయి, 353లో రెండో వరస అక్షరాలు మొదలవుతాయి. అక్షరాలూ పేజీలూ ఇలా కుదరకపోతే ముందు ఒక్కో ఫారానికి ఎన్ని పేజీలో లెక్కపెట్టండి. చిన్న సైజు పుస్తకాల్లో 24 పేజీల ఫారం ఉంటుంది. అదీ కుదరకపోతేనే కాగితాలు పోయినట్టు.

ప్లేట్లు, అంటే బొమ్మల పేజీలు, ఈ లెక్కలో రావు. విడిగా అచ్చేసి మధ్యలో అంటిస్తారు, పేజీ సంఖ్య ఉండదు. కత్తిరించి ఫ్రేముకట్టి అమ్ముకునేవాళ్లు ముందు పట్టుకెళ్లేది వాటినే, ముఖ్యంగా రంగు వేసినవి. ప్లేట్ల జాబితా ముందు పేజీల్లో ఉంటే దాంతో, లేకపోతే అదే ఎడిషన్ స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెరిచి పేజీ పేజీ పోల్చండి. అంచు దగ్గర సన్నని కాగితం పీలిక మిగిలి ఉంటే అక్కడ ప్లేటు కోసేశారని అర్థం. ఒక ప్లేటుకి ఎదురుగా ఉన్న పేజీ మీద దాని గోధుమరంగు నీడ పడుతుంది. నీడ ఉండి ప్లేటు లేకపోతే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చివర్లో ప్రచురణకర్త పుస్తకాల జాబితా బైండు చేసి, దాని మీద తేదీ ఉంటుంది. ఆ తేదీ అట్ట ఎప్పుడు కట్టారో చెబుతుంది గానీ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో కాదు. 1865 టేలర్‌కి తర్వాతి ఏడాది జాబితా ఉన్నా అది అబద్ధపు కాపీ అయిపోదు. రీప్రింట్లతో మాత్రం జాగ్రత్త. తెల్లని కొత్త కాగితం, వెన్నుకి గమ్ము, అక్షరాల చుట్టూ స్కాన్ మచ్చలు ఉంటాయి. ఫొటోల్లో అట్ట మాత్రమే చూపి లోపలి పేజీలు చూపనివాళ్ల దగ్గర కొనకండి. టైటిల్ పేజీ, దాని వెనక, ఒక ఫారం మొదటి పేజీ, వెన్ను, రెండు లోపలి అట్టలు: ఈ ఆరు ఫొటోలు అడగండి. పంపకపోతే వదిలేయడమే.

వెతికేచోట్లు: హైదరాబాదు కోఠీ, ఆబిడ్స్ ఆదివారం వరస, విజయవాడ లెనిన్ సెంటర్, కలకత్తా కాలేజీ స్ట్రీట్. కానీ మన జిల్లాల్లో అసలు గని ప్లీడర్ల ఇళ్లు, పాత డాక్టర్ల ఇళ్లు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగులతో దొరకవు. శ్రీకాకుళం 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది, పేరు చికాకోల్. విజయనగరం విశాఖ జిల్లాలో ఉండేది, పాత ఇంగ్లీషు రాతలో మధ్యలో ఒక అక్షరం తక్కువ. పుస్తకం లోపలి అట్ట మీద సంతకం కింద 'చికాకోల్', 'వైజాగపటం', 'పర్లాకిమిడి' అని కనబడితే ఆ పుస్తకం మన కోర్టుల్లో తిరిగినట్టే. అలాంటివి ఏ పెద్ద నగరపు సేకర్తకీ మీకు పట్టినంతగా పట్టవు, కాబట్టి ధర కూడా పెరగదు.

ముద్రల విషయం గట్టిగా పట్టుకోండి. గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకంలో 'తొలగించడమైనది' అనే ముద్ర కూడా ఉంటే సరే. లేకపోతే అది ఎవరో పట్టుకొచ్చినది కావచ్చు. ఆ సంస్థని అడిగాకే కొనండి. ఇంకొకటి: పాత న్యాయవైద్య పుస్తకాల మధ్య మడిచిన కాగితాలు దొరుకుతుంటాయి. శవపంచాయతీ నకళ్లు, పోస్టుమార్టం రిపోర్టులు, కెమికల్ ఎగ్జామినరు ఉత్తరాలు. అవి అసలు ప్రభుత్వ కాగితాలైతే అమ్మడం కొనడం చేయొద్దు. ఫొటో తీసి నెట్లో పెట్టడం అసలు వద్దు. చనిపోయిన మనిషి మనవలు పక్క ఊళ్లోనే ఉంటారు. 75 ఏళ్లు దాటిన రాతప్రతులూ పత్రాలూ, 100 ఏళ్లు దాటిన చారిత్రక వస్తువులూ 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. విదేశంలో ఎవరికైనా అమ్మాలన్నా మార్చుకోవాలన్నా ముందు పురావస్తు శాఖ నుంచి 'పురావస్తువు కాదు' అనే ధ్రువపత్రం తీసుకోండి. బయటి నుంచి తెప్పించేటప్పుడు పార్శిలు మీద 'అచ్చు పుస్తకం' అని స్పష్టంగా రాయించండి. 2019లో అచ్చు పుస్తకాల దిగుమతి మీద 5 శాతం సుంకం పెట్టారు, ఇప్పుడెంత ఉందో కనుక్కుని బేరం చేసేటప్పుడు అది కలుపుకోండి.

చెమ్మ సంగతి. 1620ల నాటి పుస్తకం మీ 1906 పుస్తకం కంటే గట్టిగా ఉంటుంది. పాతది గుడ్డపీలికల కాగితం. 1870ల తర్వాతివి ఎక్కువగా చెక్క గుజ్జు కాగితం, దానిలోనే ఆమ్లం ఉంటుంది, అంచులు గోధుమరంగు తిరిగి అటుకుల్లా రాలతాయి. కాబట్టి భయపడాల్సింది చౌకవాటి గురించే. ఇంట్లో మొదట కొనాల్సింది ఇంకో పుస్తకం కాదు, కొన్ని వందల రూపాయల తేమ మీటరు. పుస్తకాల గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బంగారం. 60 దాటనివ్వకూడదు, 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పడుతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో వానాకాలమంతా 80 చూపిస్తుంది. ఏసీ రాత్రి వేసి పగలు ఆపేస్తే ఇంకా చేటు, అట్టలు రోజుకోసారి ఉబ్బి కుంచించుకుంటాయి.

డబ్బు తక్కువైతే ఇలా చేయండి. 50 లీటర్ల గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా, అందులో గుడ్డసంచిలో అర కిలో రంగుమారే సిలికా జెల్, లోపల తేమ మీటరు. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి, చల్లారాక మళ్లీ వాడండి. మీటరు 40 కంటే కిందికి పోతే కొంత జెల్ తీసేయండి, తోలు అట్టలు ఎండి పగులుతాయి. ఇనప బీరువా వాడితే బయటి గోడకి ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు వదలండి. కింది అర నేల నుంచి కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. చెదలు సిమెంటు గోడ వెంట మట్టిగొట్టం కట్టుకుంటూ వస్తాయి, నెలకోసారి బీరువా వెనక టార్చి వేసి చూడాలి. నాఫ్తలీన్ ఉండలు పెట్టొద్దు. పురుగుని పెద్దగా ఆపవు, ఆ ఆవిరి మీ ఊపిరికి మంచిది కాదు. వేపాకు మీద కూడా ఆధారపడకండి, బామ్మగారు నొచ్చుకున్నా సరే.

పురుగు తొలిచిన కాపీ కొత్తగా ఇంటికొస్తే దాన్ని నేరుగా అరలో పెట్టకండి. ప్లాస్టిక్ సంచిలో గాలి వీలైనంత తీసి, గట్టిగా సీలు చేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి. అప్పుడు చెమ్మ సంచి బయట పడుతుంది, పుస్తకం మీద కాదు. విప్పాక తెల్ల కాగితం మీద నిలబెట్టి నెల తర్వాత చూడండి. కొత్త పొడి రాలి ఉంటే మళ్లీ ఒక విడత.

బైండింగు దగ్గర మనవాళ్లు చేసే నష్టం చెదలు కూడా చేయవు. కోర్టు బైండింగు వద్దు. ఫారాలు విడదీసి, అంచునుంచి గుచ్చి కుట్టి, మూడువైపులా కోత వేసి, కాలికో గుడ్డ అట్ట కడతారు. ఫైళ్లకి అది బాగుంటుంది. పుస్తకానికి లోపలి మార్జిను పోతుంది, బలవంతంగా తెరిస్తే పెళుసు కాగితం కుట్టు దగ్గరే విరుగుతుంది. మైదా జిగురులో పురుగు రాకుండా మైలుతుత్తం కలిపే అలవాటు మరో సమస్య. ఆ రాగి కాగితాన్ని లోపల్నుంచి కాల్చినట్టు చేస్తుంది, పాత బైండింగుల్లో జిగురు తగిలినంత మేరా కాగితం ముదురు రంగుకి తిరిగి పొడవుతుంది. ఫెవికాల్, సెల్లో టేపు ముట్టుకోవద్దు. చిరుగుకి సన్నని జపాన్ కాగితం, గోధుమ స్టార్చి జిగురు చాలు. అట్ట ఊడితే కట్టించకుండా, ఆమ్లం లేని 300 జీఎస్ఎం అట్టతో నాలుగు రెక్కల కవరు చేసి తెల్ల నాడాతో కట్టండి. ఎర్రపొడి రాలే తోలుకి నూనె రాయకూడదు. 100 మిల్లీలీటర్ల ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో 2 గ్రాముల హైడ్రాక్సీప్రోపైల్ సెల్యులోజ్ రాత్రంతా నానబెట్టి, ముందు ఒక మూల రాసి రంగు ఎంత ముదురుతుందో చూసి, తర్వాత పలచగా ఒకే పూత.

విషాల పుస్తకాలు సేకరించేవాళ్లు తెలుసుకోవాల్సిన వేళాకోళం ఒకటుంది. 1840ల నుంచి 1860ల దాకా కొన్ని ఇంగ్లీషు పుస్తకాలకి కట్టిన మెరిసే చిలకపచ్చ గుడ్డలో పాషాణపు రంగు ఉంటుంది. అలాంటి అట్ట కనబడితే నైట్రైల్ గ్లవుజులు, జిప్పు సంచి, పిల్లలకి అందని అర. దాన్ని పొడి బ్రష్షుతో దులపకండి. పాత సంస్థల నుంచి వచ్చిన ఏ పుస్తకానికైనా మెర్క్యురిక్ క్లోరైడ్ లాంటి పురుగుమందు పూసి ఉండవచ్చు. చదివాక చేతులు కడుక్కోండి, వేలు నాలికకి తగిలించి పేజీ తిప్పే అలవాటు మానండి.

తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాక పలాస వైపు ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అంటే తడిసిన పుస్తకాన్ని ఫ్రీజరులో పెట్టి ఆపే దారి మనకి ఉండదు. తడిస్తే 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ముందు చూడాల్సింది నున్నటి ఆర్ట్ పేపరు ప్లేట్లున్న పుస్తకాలు. తడిగా ఉండగానే ప్రతి ప్లేటుకీ ఎదుటి పేజీకీ మధ్య మైనపు కాగితం పెట్టాలి. ఆరాక అవి ఒకదానికొకటి అతుక్కుంటే ఇంక విడవవు. మిగతావాటికి పది పదిహేను పేజీలకోసారి అచ్చులేని తెల్ల కాగితం పెట్టి, గంటకోసారి మార్చి, నీడలో గాలాడేచోట ఆరబెట్టండి. ఎండలో వద్దు. సెప్టెంబరు చివరికల్లా మైనపు కాగితం రోలు ఒకటి, తెల్ల కాగితం రీము ఒకటి, పెద్ద జిప్పు సంచులు, మాస్కులు బీరువా పైఅరలో సిద్ధంగా పెట్టుకోండి.

మీ గ్రాస్ విషయానికొస్తే ఈ వారం చేయాల్సింది ఇది. అటక దుమ్ము మెత్తని బ్రష్షుతో వెన్ను నుంచి బయటికి దులపండి. ఫారాల లెక్క చూసుకోండి. తాతగారి సంతకం, తేదీ, గీతలున్న పేజీల సంఖ్యలు ఒక విడి కాగితం మీద రాసుకోండి. పుస్తకంలో ఏమైనా రాయాలనిపిస్తే 2బీ పెన్సిలుతో వెనక అట్ట లోపలి అడుగు మూల మాత్రమే. మోడీ ఎన్నో ఎడిషనో, టైటిల్ పేజీ వెనక ఏం ఉందో ఫొటో పెడితే అది ఉంచుకోదగ్గదో కాదో చెప్పవచ్చు.